చిన్న సందేహం మాస్టారు

మా ఫిజిక్స్ మాస్టారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. మా ఊళ్ళో గానీ చుట్టుపక్కల గానీ సైన్సు టీచర్లకు ట్రైనింగ్ అన్న మాట వినిపిస్తే చాలు, ఆయన అక్కడ ఉంటారు. ఉండి ఊరుకుంటారా అంటే అదీ లేదు. వెనక వరుసలోంచి చెయ్యెత్తి, "సార్, చిన్న సందేహం," అంటారు. ఆ సందేహం నిజంగానే ఎంత చిన్నదంటే, అయిదో తరగతి పిల్లలు కూడా దాన్ని అడగడానికి సిగ్గుపడతారు.

మామూలు మనుషులు ట్రైనింగ్ అంటే పారిపోతారు. ఆ కబురు వచ్చిన రోజు మా స్టాఫ్ రూమ్ చూడాలి. కెమిస్ట్రీ మేడమ్‌కి అప్పటికప్పుడు నడుం పట్టేస్తుంది. లెక్కల మాస్టారి అత్తగారికి ఒంట్లో బాగుండదు. ఆవిడ పోయి చాలాకాలమైంది కదా అని ఎవరైనా గుర్తుచేస్తే, ఈవిడ పిన్నత్తగారని సర్దుకుంటారు. నేను బయాలజీ టీచర్ని కనుక నా జబ్బులు కాస్త శాస్త్రీయంగా ఉంటాయి.

తప్పక వెళ్ళేవాళ్ళకి ఏదో ఒక కారణం ఉంటుంది. ఒకరికి ప్రమోషన్ కావాలి, ఒకరికి సర్టిఫికెట్ కావాలి, ఒకరికి ఇంట్లోంచి నాలుగు రోజులు బయటపడితే చాలు. అలాంటివాళ్ళను ఎవరూ ఏమీ అనరు. కారణం లేకుండా, పిలవకపోయినా, సంతోషంగా వెళ్ళే మనిషిని చూస్తేనే లోకానికి అనుమానం. మా మాస్టారు స్కూలు వ్యాను డ్రైవర్లకు నిప్పు ఆర్పడం నేర్పిన చోటికి కూడా వెళ్ళారు. రిటైరయ్యేవాళ్ళ కోసం పెట్టిన సదస్సులో ముందుగా కూర్చున్నదీ ఆయనే. మీకింకా బోలెడు సర్వీసు ఉంది కదా అంటే, ముందే తెలుసుకుని పెట్టుకుంటే తప్పేముందన్నారు.

దాంతో స్టాఫ్ రూమ్‌లో తలో సిద్ధాంతం పుట్టింది. కెమిస్ట్రీ మేడమ్ సిద్ధాంతం భోజనం. ఆ సెంటర్లలో ఉచితంగా విస్తరి నిండా పెడతారు, అదీ సంగతి అని ఆవిడ తేల్చేశారు. తీరా చూస్తే మాస్టారికి కడుపులో పుండు. ఉప్పూకారం లేని తిండి ఇంటినుంచి డబ్బాలో పట్టుకెళ్ళి, అందరూ లొట్టలేసుకుంటూ తింటుంటే ఆయన డబ్బా మూత మీద పెట్టుకుని నములుతారట. సిద్ధాంతం వీగిపోయింది. మేడమ్ మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. వాసన చూడ్డానికి వెళ్తున్నాడేమో అన్నారు.

పాఠాలు ఎగ్గొట్టడానికే ఈ తిరుగుడంతా అన్నది లెక్కల మాస్టారి సిద్ధాంతం. అది పిల్లలే కొట్టిపారేశారు. ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చిన మాస్టారు పోయిన పాఠాలన్నిటికీ వడ్డీతో సహా సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. ఆయన ఎప్పుడూ బళ్ళోనే ఉండిపోతే మాకు ఆదివారాలు మిగిలేవి అని పదో తరగతి మొత్తం గోలపెట్టింది.

హెడ్మాస్టారి అనుమానం వేరు. "ఇన్ని నేర్చుకుంటున్నాడంటే నా కుర్చీ మీద కన్నుందన్నమాట," అన్నారు ఆయన. అప్పట్నించి సెలవు పెట్టడం మానేశారు. జ్వరమొచ్చినా శాలువా కప్పుకుని వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవారు. ఒకరోజు మా ఫిజిక్స్ మాస్టారు ఏదో పని మీద ఆ గదిలోకి వెళ్ళి, కుర్చీ వైపే తదేకంగా చూశారట. హెడ్మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. మాస్టారు వంగి, ఈ కుర్చీకి ఒక కాలు పొట్టిగా ఉంది సార్, అని చెప్పి, అట్టముక్క మడిచి కింద పెట్టి వెళ్ళిపోయారు. కుర్చీ ఊగడం మానేసింది గానీ హెడ్మాస్టారి మనసు ఊగడం మొదలెట్టింది. "తనకి పనికొస్తుందనే కదా బాగుచేసుకున్నాడు," అని ఆ సాయంత్రం నాతో గొంతు తగ్గించి అన్నారు.

వీటన్నిటికంటే ఘోరమైనది మా అటెండరు సిద్ధాంతం. అయ్యగారికి ఆ సెంటర్ ఉన్న ఊళ్ళో చిన్నిల్లు ఉందేమోనని అతనికి సందేహం. సందేహాన్ని కడుపులో దాచుకోలేక వాళ్ళావిడకి చెప్పాడు. ఆవిడ ఎవరికి చెప్పిందో, వాళ్ళు ఎవరికి చెప్పారో, నేను చూడలేదు గానీ అది చేరాల్సిన చోటికే చేరిందని తర్వాత తెలిసింది.

ఇంతలో కొత్త ట్రైనింగ్ ఒకటి వచ్చింది. వేడి, వెలుతురు, తడి లాంటివి కొలిచే సెన్సర్లను చిన్న సర్క్యూట్ బోర్డుకు తగిలించి, ఆ బోర్డును కంప్యూటరుకు కలిపి, పిల్లలకు పాఠం చెప్పడం ఎలాగో నేర్పుతారట. ఆఖరి రోజున ప్రతివాళ్ళూ ఆ పరికరంతో పాఠం చెప్పి చూపించాలి. చూపించలేనివాళ్ళను సైన్సు నుంచి తప్పించి ఆఫీసు పనికి మారుస్తారని కూడా అన్నారు. ఆ మాట వినగానే కెమిస్ట్రీ మేడమ్ నడుంతో పాటు మెడ కూడా పట్టేసింది.

హెడ్మాస్టారు నన్ను పిలిచారు. "టీచర్ గారూ, మీరు ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తారు కదా. మీరైతే అనుమానం రాదు. పక్కనే ఉండి, అసలు ఎందుకు వెళ్తున్నాడో కనిపెట్టి రండి," అన్నారు. అప్పటికే నేను ఒక అరుదైన జబ్బు పేరు సిద్ధం చేసుకుని ఉన్నాను. కానీ నాకూ లోపల కుతూహలంగానే ఉంది. నిజం తెలుస్తుందంటే జబ్బును ఎప్పుడైనా వాయిదా వేసుకోవచ్చు.

ట్రైనింగ్ సెంటర్లో హాలు పెద్దది, ఫ్యాన్లు పాతవి, కుర్చీలు ఒకదానికొకటి తగిలించి ఉన్నాయి. నేర్పడానికి వచ్చినతను మీసాలు ఇంకా సరిగా కుదురుకోని కుర్రాడు. తెలివైనవాడే, కాకపోతే పట్టాల మీద రైలు పోయినట్టు మాట్లాడేస్తాడు. స్టేషను వచ్చినప్పుడల్లా "క్లియరా?" అని అరుస్తాడు గానీ ఎవరూ ఎక్కకముందే బండి కదిలిపోతుంది. హాలంతా తలలు ఊపింది. నేనూ ఊపాను. నిజం చెప్పాలంటే ఆ బోర్డును తలకిందులుగా పట్టుకున్నానని నాకు అప్పటికి తెలియదు.

మా మాస్టారు అన్ని వరుసలూ వెతికి, ఆఖరి వరుసలో ఒక ఆవిడ పక్కన కూర్చున్నారు. ఒకర్నొకరు పలకరించుకోలేదు గానీ ముందే తెలిసినవాళ్ళలా ఆవిడ సంచీ తీసి చోటిచ్చింది. వెనక గుమ్మంలోంచి నాకు కనబడిందల్లా నల్లగా నిగనిగలాడే పెద్ద జడ. అటెండరు మాట గుర్తొచ్చి నా కళ్ళు ఆ జడకే అతుక్కుపోయాయి.

కాసేపటికి చెయ్యి లేచింది.

"సార్, చిన్న సందేహం. ఈ తీగలకి రెండేసి కొసలున్నాయి కదా. వీటిలో ఏది మొదలు, ఏది చివర?"

హాలు ఘొల్లుమంది. కుర్రాడు తల పట్టుకుని, ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలో, నల్ల తీగ ఎక్కడ పెట్టాలో, తారుమారైతే ఏమవుతుందో మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. మా బడి పరువు పోయిందని నేను తల దించుకున్నాను. దించుకున్న తలతో అటూ ఇటూ చూస్తే, నవ్విన వాళ్ళందరూ నవ్వుతూనే తీగలు పీకి మళ్ళీ పెట్టుకుంటున్నారు. నేనూ పీకి పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఇంకోటి వచ్చింది. "సార్, ఇందాకట్నించీ అప్‌లోడ్ అప్‌లోడ్ అంటున్నారు. ఎక్కడికి ఎక్కిస్తున్నాం సార్ దీన్ని?" మళ్ళీ నవ్వులు. మళ్ళీ కుర్రాడు మొదటికి వచ్చి, ఏ బటన్ నొక్కితే మనం రాసిన ఆదేశాలు బోర్డులోకి వెళ్తాయో నిదానంగా చూపించాడు. నా బోర్డు మీద దీపం మొదటిసారి వెలిగింది.

అప్పుడే నాకు అసలైన అనుమానం మొదలైంది. మా బడి తోటలో నా మొక్కలకి నీళ్ళు పెట్టేది ఎవరు? మట్టి ఆరిపోగానే పంపు దానంతటదే తిరిగేలా ఇలాంటి బోర్డే బిగించినాయన ఈ మాస్టారే. రెండు వేసవుల నుంచి అది ఒక్క రోజు కూడా మొరాయించలేదు. అంత పని చేసిన మనిషికి తీగకి మొదలేదో చివరేదో తెలియదా? తెలిసీ తెలియనట్టు ఉంటున్నాడంటే ఏదో ఉంది. పై అధికారులు మారువేషంలో పంపించారా? ట్రైనింగ్ చెప్పేవాళ్ళను పరీక్షిస్తున్నాడా? లేక ఎంత మందబుద్ధి అనిపించుకుంటే అన్నిసార్లు మళ్ళీ పిలుస్తారని ఎత్తా? హెడ్మాస్టారికి ఏం చెప్పాలో తెలియక నాకు తల తిరిగింది.

మర్నాడు టీ విరామానికి ముందు, హాలు కిటికీ ఊచల మధ్య ఒక మొహం కనబడింది. మాస్టారి భార్య. పొద్దున్నే బస్సెక్కి వచ్చినట్టుంది. నేను గబగబా బయటికి వెళ్ళాను.

"మాత్రలు మర్చిపోయారు వదినా, ఇచ్చిపోదామని," అంది ఆవిడ. కళ్ళు మాత్రం నా భుజం మీదుగా కిటికీలోంచి లోపలికే పోతున్నాయి. సరిగ్గా అప్పుడే మాస్టారు పక్కకి వంగి ఆ నల్ల జడ ఆవిడ చేతుల్లోకి తొంగి చూస్తున్నారు. కళ్ళు ఆ చేతుల మీదనుంచి కదలడం లేదు.

"ఎవరావిడ?"

నాకు తెలియదన్నాను. "మీకు తెలియదు, ఆయనకి మాత్రం తెలుసు," అని ఆవిడ మాత్రల పొట్లాన్ని పిడికిట్లో నలిపేసింది.

విరామం ఇచ్చారు. మాస్టారు టీ కప్పుల వరుసలో నిలబడ్డారు. మాస్టారి భార్య తిన్నగా ఆఖరి వరుసకి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. అలికిడికి ఆ జడ ఇటు తిరిగింది. దళసరి కళ్ళద్దాలు, ముడతలు పడ్డ బుగ్గలు, నోట్లో ముందు పన్ను లేదు. జడ నలుపంతా రంగు. మా అత్తగారి కంటే పెద్దావిడ.

మాస్టారి భార్య వెంట తెచ్చుకున్న మాటలన్నీ వెనక్కి సర్దేసుకుంది. తను ఫలానా అని మాత్రం చెప్పుకుంది. పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వా అమ్మా ఆయన ఇల్లాలివి? నీకెలా చెప్పాలో తెలియట్లేదు. మీ ఆయన పక్కనుంటే నేను చెయ్యెత్తక్కర్లేదు."

ఆ తర్వాత పెద్దావిడ చెప్పింది ఇది. ఆవిడది ఎక్కడో బస్సు కూడా సరిగా వెళ్ళని చోట చిన్న బడి. సైన్సు చెప్పేది ఆవిడ ఒక్కతే. ఆవిణ్ణి తప్పిస్తే అక్కడ సైన్సు చెప్పేవాళ్ళే ఉండరు, పై తరగతులు ఎత్తేస్తారు. అందుకని ఈ వయసులో ప్రతి ట్రైనింగ్‌కీ వస్తోంది. ఒకసారి వేరే చోట, కంప్యూటరు ముందు కూర్చోబెట్టినప్పుడు, ఆవిడ లేచి ఏదో అడిగింది. ఇది కూడా తెలియకుండా ఇన్నాళ్ళు పాఠాలెలా చెప్పారండీ అన్నాడు ఆ చెప్పేవాడు. హాలంతా నవ్వింది. ఇక చాలు, ఉద్యోగం మానేద్దామని ఆవిడ సంచీ సర్దుకుంటోంది. అంతలో వెనకనుంచి ఎవరో లేచి, సార్ చిన్న సందేహం, అని ఆవిడ అడిగినదానికంటే పదిరెట్లు తెలివితక్కువ ప్రశ్న అడిగారు. నవ్వంతా అటు తిరిగింది. ఆవిడ సంచీ కింద పెట్టేసింది.

"అప్పట్నించీ నేనెక్కడ కూర్చుంటే ఆయన అక్కడ. నా చేతులే చూస్తుంటాడు. ఎక్కడ నా చెయ్యి ఆగిపోతే అక్కడ లేస్తాడు. నాకోసమే కాదమ్మా. పోయినసారి ఒక కుర్ర టీచరొచ్చాడు, పాపం నత్తి. వాడి పక్కన కూర్చుని వాడి బదులు అడిగాడు."

"మీరెప్పుడూ ఆయన్ని అడగలేదా, ఎందుకిలా చేస్తున్నావని?" అన్నాను.

"అమ్మో, అడగను. అడిగితే సిగ్గుపడి మానేస్తాడేమో."

మాస్టారి భార్య పిడికిట్లో నలిగిన పొట్లాన్ని విప్పి సరిచేసింది. తర్వాత చీర కొంగుతో మొహం తుడుచుకుని, "ఇన్ని ప్రశ్నలు అడిగే మనిషి, ఇంట్లో నేను అడిగినదానికి ఒక్కదానికీ జవాబు చెప్పరండీ," అంది. పెద్దావిడ పన్ను లేని నోటితో ఫక్కున నవ్వింది. అప్పుడే మాస్టారు మూడు టీ కప్పులు పట్టుకుని వచ్చి, భార్యను చూసి, ఒక కప్పు సగం ఒలకబోసుకున్నారు. ఎందుకొచ్చావన్నారు. మాత్రలు, అంది ఆవిడ. మాత్రలు నా జేబులోనే ఉన్నాయే అన్నారు ఆయన. ఇవి ఇంకో మాత్రలు, అని ఆవిడ సాయంత్రం దాకా అక్కడే కూర్చుండిపోయింది.

ఆఖరి రోజు వచ్చింది. పెద్దావిడ వంతు రాగానే హాలు ముందుకి నడిచింది. వేడినీళ్ళు చల్లారుతుంటే కంప్యూటరు తెర మీద గీత ఎలా దిగుతుందో చూపించడం ఆవిడ పాఠం. మొదలుపెట్టడం బాగానే పెట్టింది. సెన్సర్ని నీళ్ళలో ముంచింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ ముంచింది. తెర నల్లగానే ఉంది. ముందు వరుసలో ఎవరో గుసగుసలాడారు. కుర్రాడు గడియారం వైపు చూశాడు. ఆవిడ వేళ్ళు బోర్డు మీద ఆగిపోయాయి.

"సార్, చిన్న సందేహం."

కుర్రాడు కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఇప్పుడేమిటండీ?"

"ఈ బోర్డు నీళ్ళలో పడితే షాక్ కొడుతుంది కదా. బోర్డుకి కొడుతుందా సార్, మనకి కొడుతుందా?"

ఈసారి నవ్వు మామూలుగా లేదు. కొందరు బల్లలు చరిచారు. కుర్రాడు విసుగ్గా వెనక వరుసదాకా నడిచొచ్చి, బోర్డులో ఎంత కరెంటు ఉంటుందో, అది మనిషిని ఎందుకు ఏమీ చెయ్యదో చెప్పడం మొదలెట్టాడు. మాస్టారు వదల్లేదు. తడి చేత్తో పట్టుకుంటేనో, చెప్పులు లేకపోతేనో అని లాగుతూనే ఉన్నారు. హాలు మొత్తం మెడలు తిప్పి ఆయన్నే చూస్తోంది. నేనొక్కదాన్నే ముందుకి చూస్తున్నాను. పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది. కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఒక్కో తీగనీ వేలితో తట్టుకుంటూ వెళ్ళింది. ఒక చోట ఆగింది. ఊడిపోయిన కొసను లోపలికి నొక్కింది.

కుర్రాడు తిరిగి ముందుకెళ్ళేసరికి తెర మీద గీత నెమ్మదిగా దిగుతోంది. ఆవిడ, ఏమీ జరగనట్టు, చూశారా పిల్లలూ అంటోంది. పిల్లలు లేరు గానీ అందరం చూశాం. ఆవిడ నెగ్గింది.

మా మాస్టారి వంతు వచ్చినప్పుడు ఆయన పాఠం ఎంత నత్తనడకగా చెప్పారంటే, టైమైపోయింది గానీ బోర్డు మాత్రం డబ్బాలోంచి బయటికి రాలేదు. ఎంతవరకు అర్థమైందని వరుసగా అందర్నీ అడుగుతూ కూర్చున్నారు. కుర్రాడు జాలిపడి, ఆఫీసుకి పంపించెయ్యాల్సినంత తప్పేం చెయ్యలేదు గానీ మీ సార్‌ని ఇంకోసారి ట్రైనింగ్‌కి పంపించండి మేడమ్, అని నా చెవిలో చెప్పాడు.

తిరుగు బస్సులో నేను నేరుగా అడిగేశాను. నా మొక్కలకి నీళ్ళు పెట్టే మనిషికి ఆ తీగల సంగతి తెలియదా, ఎందుకీ వేషాలు అని. మాస్టారు కిటికీలోంచి చాలాదూరం చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మొదట్లో నేర్చుకుందామనే వెళ్ళేవాణ్ణి చెల్లెమ్మా. వెళ్ళాక ఒకటి కనబడింది. మన క్లాసులో పిల్లలు ఊపినట్టే అక్కడ పెద్దవాళ్ళూ తలలు ఊపుతున్నారు. ఏ తల నిజంగా ఊగుతోందో, ఏ తల భయంతో ఊగుతోందో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు కాస్త తెలుస్తోంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే మళ్ళీ మళ్ళీ వెళ్తున్నా."

నా వైపు తిరిగి, "నువ్వు కూడా మొదటిరోజు బాగా ఊపావు," అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

హెడ్మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఏం తేలిందన్నారు. ఆయనకి ఏమీ రాదు సార్, ఇంకోసారి పంపమన్నారు, అన్నాను. హెడ్మాస్టారి మొహం విప్పారింది. మళ్ళీ ముడుచుకుంది. "రాదా? రానట్టు నటిస్తున్నాడా?"

"నటించడానికైనా ఏదో ఒకటి రావాలి కదా సార్."

ఆయన ఆలోచించి, అదీ నిజమే అన్నారు. మరుసటి వారం సెలవు పెట్టి హాయిగా పడుకున్నారు.

ఆ తర్వాతి ట్రైనింగ్‌కి నేను నా అంతట నేనే వెళ్ళాను. చెప్పడానికి వచ్చింది ఆ కుర్రాడే. మా మాస్టారిని గుమ్మంలో చూడగానే అతని ప్రాణం ఉసూరుమన్నట్టుంది. ఎలాగూ అడుగుతాడని భయపడో ఏమో, మొదలుపెట్టడమే అన్నిటికంటే చిన్న సంగతితో మొదలుపెట్టాడు. తీగలు ఒక్కొక్కటీ పైకెత్తి చూపించాడు. "క్లియరా?" అన్నాక ఆగాడు, అందరి మొహాలూ చూశాడు, అప్పుడు కదిలాడు. హాలంతా నిమ్మళంగా ఉంది. ఎవరి చేతులూ ఆగలేదు. మా మాస్టారికి మాత్రం అడగడానికి ఏమీ దొరక్క కాలుకాలిన పిల్లిలా ఉంది. పాపం, కుర్చీలో అటు తిరిగారు, ఇటు తిరిగారు.

ఆయన పక్కన కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆ అమ్మాయి కూడా కుర్చీలో కుదురుగా లేదు. చెమటలు పడుతున్నాయి, తలుపు వైపు చూస్తోంది, మళ్ళీ తల దించుకుంటోంది. మాస్టారు ఆ అమ్మాయిని ఒక చూపు చూశారు. ఆయన మొహంలో వెలుగొచ్చింది. చెయ్యి లేచింది.

"సార్, చిన్న సందేహం."

కుర్రాడు చేతిలో బోర్డు బల్ల మీద పెట్టేశాడు. "అన్నీ చెప్పేశాను కదండీ మాస్టారూ. ఇంకేం మిగిలింది?"

"బాత్‌రూమ్ ఎటువైపు సార్?"

హాలు పగలబడి నవ్వింది. కుర్రాడు కూడా నవ్వు ఆపుకోలేక, వరండా చివర ఎడమవైపు అని చెయ్యి చూపించాడు. మా మాస్టారు ధన్యవాదాలు చెప్పి, ఎక్కడికీ వెళ్ళకుండా కుర్చీలో కూర్చున్నారు. అందరూ ఆయన్నే చూసి నవ్వుతుంటే, ఆ అమ్మాయి చప్పుడు కాకుండా లేచి, వరండా చివరికి, ఎడమవైపుకి పరుగెత్తింది.